గేరు పడ్తలేదు

మెకానిక్ భోజన్న నన్ను షెడ్డులో కూర్చోబెట్టి, మా బండి తీసుకుని రుద్రూర్ రోడ్డు వైపు పోయి ఇంకా రాలేదు. ఒక్క చుట్టు తిప్పి తెస్తానన్నాడు, పెట్రోల్ బంకు దాకా పోయి మళ్లితే చాలు, ఏ గేరు పడుతుందో ఏది మొండికేస్తుందో అంతలోనే తెలిసిపోతుంది, మరి ఇంతసేపు ఏం చేస్తున్నట్టు, మధ్యలో ఆగిపోయిందా, బాపు చెప్పినట్టే రెండో గేరులో ఇరుక్కుని గోల పెడుతుంటే దిగి తోసుకొస్తున్నాడా. నా చెవులు రోడ్డు మీదే ఉన్నాయి. లారీ పోతోంది, గడ్డి కట్టలు వేసుకుని ట్రాక్టర్ పోతోంది, ఆటో పోతోంది, వాటి మధ్య మా బండి చప్పుడు కోసం వెతుకుతున్నాను. ఆ బండి నాకంటే ఒక ఏడాది చిన్నది. నేను గోడ పట్టుకుని నడక నేర్చుకుంటున్నప్పుడు బాపు దాన్ని ఇంటికి తెచ్చాడట, చక్కెర ఫ్యాక్టరీ ఇంకా నడుస్తున్న రోజులు, ఈ రోడ్డంతా బెల్లం మాడిన వాసన వచ్చేదని ఇప్పటికీ చెబుతాడు. దాని చప్పుడు చివర ఒక చిన్న దగ్గు ఉంటుంది, ఊళ్లో ఇంకెవరి బండికీ ఆ దగ్గు లేదు, సందు మూల మీద అది వినపడగానే అమ్మ పొయ్యి మీద చాయ్ పెడుతుంది. ఇప్పుడు వినపడటం లేదు. రేపు పొద్దున లత అక్క పసిపిల్లవాణ్ని ఎత్తుకుని బోధన్ బస్టాండులో దిగుతుంది. ఎప్పటిలాగే బండి మీద తీసుకొస్తానని బాపు ఫోనులో మాట ఇచ్చేశాడు. ఇచ్చి, నేనేమైనా అంటానేమోనని నా వైపు చూశాడు. నేను అనలేదు. అనకుండా ఉండటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు, బళ్లో కూడా పంతులు అడిగితే తప్ప నోరు తెరిచేదాన్ని కాదు, కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నా లోపల ఏదో ఒకచోట నిలవకుండా తిరుగుతోంది, కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎటు పోవాలో తెలియడం లేదు.

పోయిన వారం అమ్మ ఈ బండి మీద నుంచే పడింది. నిజాంసాగర్ కాలువ మీది చిన్న వంతెన దిగి మా ఊరి దారి పట్టే మలుపు, అక్కడ బాపు గేరు పైకి వేయబోయాడట, పడలేదు, మళ్లీ వేయబోయాడు, పడలేదు, తల వంచి గేరు వైపు చూశాడు, ఆ చూసినంతలోనే బండి గట్టు దిగింది. బాపు గడ్డిలో పడ్డాడు, అమ్మ రాళ్ల మీద పడింది. నిజామాబాద్ తీసుకుపోయి చేతికి సిమెంటు కట్టు వేయించాం, ఇంటికి వచ్చి వాకిట్లో బండిని చూడగానే అమ్మ మొదలుపెట్టింది. "దాన్ని అమ్మేయ్, లేకుంటే గా కాలువల నూకేయ్. మళ్ల నన్ను ఎక్కుమంటివా, ఊరంతా పోగేసి పంచాయితీ పెడ్త." బాపు బండి హ్యాండిల్‌కు అంటిన మట్టిని గోటితో గీకుతూ నిలబడ్డాడు. "బండి ఏం జేసిందే. గేరు గట్టిగైంది. గా భోజన్న సక్కగ జేస్తలేడు." మంచంలో ఉన్న దేవవ్వ, మా బాపుకు తల్లి, కొడుకును ఒక్క మాట అననియ్యదు, "శంకరమ్మా, గా బండి మీదనే గదా నువ్వు నిజామాబాద్‌ల సిన్మాలు సూసొచ్చింది, గప్పుడు మంచిగుండెనా" అంది. అమ్మకు ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి, నవ్వితే చెయ్యి కదిలి నొప్పి పుట్టింది, ఆ నొప్పికి ఇంకో రెండు తిట్లు బండికే పడ్డాయి. అందరం బండినే తిట్టాం. నేను పైకి అనకపోయినా లోపల తిట్టుకున్నాను.

రేకుల షెడ్డు వేడెక్కుతోంది. ఏదో స్కూటర్ నుంచి విప్పిన సీటు, అదే ఇక్కడ కుర్చీ, దాని మీద కూర్చుంటే నా బట్టలకు నూనె వాసన పట్టేస్తోంది. పక్క హోటల్ ముందు లారీ డ్రైవర్ ఒకడు ఫోనులో మరాఠీలో ఎవరినో బతిమాలుతున్నాడు, మాటలు తెలియవు గాని బతిమాలడం తెలుస్తోంది. బాపు కూడా అలాగే బతిమాలాడు భోజన్నను, ఈ ఎండాకాలం మొదలు కాకముందు నుంచి ఎన్నిసార్లు తెచ్చాడో ఈ బండిని ఇక్కడికి. మొదటిసారి క్లచ్ వైరు అన్నాడు భోజన్న. లోపల పోగులు తెగి తుప్పు పట్టింది, క్లచ్ పూర్తిగా వదలడం లేదు, క్లచ్ వదలకపోతే గేరు ఎట్లా పడుతుంది అని కొత్త వైరు వేశాడు. పడలేదు. ఆయిల్ చూశాడు, "పొలంల మోటరుకు పోసేది తెచ్చి దీంట్ల పోసినవా ఏంది కాశన్నా, గింత సిక్కగున్నది" అని బాపును ఆటపట్టించి, పాతది వంచేసి కొత్తది పోశాడు. పడలేదు. క్లచ్ ప్లేట్లు మార్చాడు. గేరు లెవర్‌ను ఊడదీసి ఒక పన్ను పైకి జరిపి బిగించాడు, కాలికి అందితే సులువుగా ఉంటుందని. మళ్లీ ఒక పన్ను కిందికి జరిపాడు. "కాశన్నా, నీ బండి నాకు ఇల్లరికం అల్లుడోలె అయ్యింది, పొమ్మంటే పోతలేదు" అన్నాడు, బాపు నవ్వలేదు. ఇంటికి వచ్చి పాత సైకిల్ ట్యూబ్ కోసి లెవర్‌కు మందంగా చుట్టాడు, కాలు జారిపోతోంది, పట్టు దొరకడం లేదు అన్నాడు. ఆ నల్లటి రబ్బరు చుట్లు, చివర రాగి తీగతో కట్టిన ముడి, నేను రోజూ వాకిలి ఊడుస్తూ చూసేదాన్ని. బాపు ఏ పనైనా ఎంత నున్నగా చేస్తాడు అనుకునేదాన్ని.

ఇంకా రాడేం భోజన్న. ఈ పొద్దున వచ్చేటప్పుడు నేను వెనక కూర్చున్నాను. వెనక కూర్చుంటే ముందున్న మనిషి ముఖం కనపడదు, వీపు కనపడుతుంది, చెవి వెనక నెరిసిన వెంట్రుకలు కనపడతాయి, ఆ మనిషి ఏం అనుకుంటున్నాడో వీపును బట్టే తెలుసుకోవాలి. మా బండికి ఒకటో గేరు కిందికి తొక్కాలి, మిగతా మూడూ కాలి వేళ్లు లెవర్ కింద పెట్టి పైకి ఎత్తాలి. తొక్కేటప్పుడు బాపు వీపు నెమ్మదిగానే ఉంది. ఎత్తాల్సి వచ్చిన ప్రతిసారీ మాత్రం వీపు బిగుసుకునేది, ఎడమ తొడ మొత్తం మెట్టు ఎక్కుతున్నట్టు పైకి లేచేది, దానితో బండి కుడి వైపు ఒరిగేది, నేను వెనక కమ్మీని రెండు చేతులతో పట్టుకునేదాన్ని. ఇంత బలం పెట్టాల్సి వస్తోందంటే గేరు ఎంత గట్టిగా ఉన్నట్టు అనుకున్నాను. రేపు ఈ వెనక సీటు మీద అక్క కూర్చుంటుంది, ఒక చేత్తో పిల్లవాణ్ని పట్టుకుని ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుంటుంది, ఒక్క చెయ్యి సరిపోతుందా. అప్పుడే బాపు ఎడమ చెప్పు జారి రోడ్డు మీద పడింది. ఆపితే నేనే దిగి వెనక్కి పోయి తెచ్చాను. "వదులున్నయ్ బిడ్డా గివి" అన్నాడు. కుడిది పడలేదు మరి, ఒకే జత కదా. ఎడమ చెప్పు ముందు అంచు మాత్రం నేలకు రుద్దినట్టు అరిగి ఉంది, నా చేతిలో ఉండగా చూశాను, చూసి ఇచ్చేశాను. ఇంట్లో కూడా ఆ ఒక్క చెప్పే గడప అవతల మిగిలిపోతుంది, బాపు లోపలికి వచ్చేస్తాడు, అది బయటే పడి ఉంటుంది, దేవవ్వ అరుస్తుంది, "కాశీ, కాలీడ్సుకుంట నడుస్తవేందిరా సిన్నపోరని లెక్క, మీ అయ్య ఉంటే ఈపు సాపు చేస్తుండె." అందరం నవ్వుతాం. బాపు కూడా నవ్వుతాడు.

రోడ్డు మీద విత్తనపు చెరకు వేసుకుని ఒక ట్రాక్టర్ పోయింది, ఆకు తీయని గడలు, వెనక కట్టిన తాడు నేలకు తగులుతోంది. ఈ కాలంలో ఎవరు నాటుతున్నారో. చెంచురామయ్య గారు మాఘమాసం లోపే నాటించేశారు. మా పొలం పక్క పొలం వాళ్లది, కాలువ వచ్చిన కొత్తలో వాళ్ల తాతలు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ భూమి తీసుకున్నారట. చెరకు నాటే ముందు గడలను జానెడు ముక్కలుగా కొట్టాలి, ముచ్చెలు అంటారు వాటిని, ప్రతి ముచ్చెకూ కన్నులుంటాయి, కత్తి దెబ్బ కన్నుకు తగిలితే అది మొలవదు. ఆ పని బాపు చేతికే ఇస్తారాయన. "కాశయ్యా, నువ్వు కొట్టిన ముచ్చె ఒక్కటీ వృథా పోదయ్యా. ఆ కుర్రాళ్ల చేతికిస్తే కన్నులన్నీ చితక్కొట్టేస్తారు" అంటుంటే, బాపు విననట్టు కత్తి నూరుకుంటాడు గాని ఆ పూట ఇంటికి వచ్చాక రెండుసార్లు చెబుతాడు. మొద్దు ముందు గొంతుక్కూర్చుంటే, మోకాళ్లు రొమ్ముకు ఆనించి, పొద్దు పొడిచినప్పుడు కూర్చున్నవాడు కుప్ప కరిగేదాకా లేవడు. ఈసారి కుప్ప పెద్దది, వారం దాటి, పక్షం దాటి కొట్టాడు. నేను సద్ది తీసుకుపోయినప్పుడు పీట కూడా తీసుకుపోయాను, కాలితో పక్కకు జరిపేశాడు. "పీట మీద కూసుంటే కత్తి పైనుంచి పడ్తది బిడ్డా, కన్నుకు తాకుతది. గిట్ల కూసుంటెనే అదుపుల ఉంటది." లేచి నిలబడబోయి ఒకసారి తూలాడు, ఎడమ పిక్క మీద అరచేత్తో కొట్టుకుని నవ్వాడు. "మొద్దుబారింది. ఎవనిదో కాలు తెచ్చి అతికిచ్చినట్టున్నది." నేనూ నవ్వాను. గొంతుక్కూర్చుంటే ఎవరికైనా తిమ్మిరి ఎక్కుతుంది కదా.

దగ్గు వినపడింది. లేచి రోడ్డు దాకా పోయాను. భోజన్న బండి మీద కూర్చునే వస్తున్నాడు, తోసుకుంటూ కాదు, పాన్ నములుతూ వస్తున్నాడు.

"ఇంతసేపు ఏంజేసినవన్నా?"

"పాన్ కట్టిచ్చుకున్న చెల్లె. ఆగమాగం చేస్తవేంది." బండి స్టాండు వేశాడు. "నాకైతే అన్ని పడ్డయ్. ఒకటి, రెండు, మూడు, నాలుగు, సాఫ్‌గ పడ్డయ్."

"మరి బాపుకెందుకు పడ్తలేవు?"

"గదే సమజైతలేదు. ఏడెక్కితె పట్టుకుంటదేమో. బయటికెళ్లి జేసేటివి అన్ని జేసిన, ఇగ ఇంజన్ దింపుడే. లోపట గేర్లు అరిగినయో, ఫోర్క్ ఒంగిందో, ఇప్పి సూస్తెగాని తెల్వది. నాల్గు రోజులైతే పట్టొచ్చు."

వెంటనే బాపుకు ఫోన్ చేశాడు. నన్ను ఇక్కడ దింపి పోయిన బాపు గంజ్ బజారులో ఉన్నాడు. "దింపు భోజన్నా, నేను మొదటికెళ్లి చెప్తనే ఉన్న గదా, లోపటనే ఉన్నది అని" అన్న గొంతు నాకు కూడా వినపడింది, ఆ గొంతులో ఎన్నాళ్లకో ఒక తృప్తి ఉంది, తన మాట నెగ్గినట్టు. బండి లేకపోతే రేపు అక్క ఆటోలో వస్తుంది. ఆ ఆలోచన రాగానే హాయి అనిపించాలి. ఒక్క క్షణం అనిపించింది కూడా. తర్వాత మళ్లీ అదే తిరుగుడు. సాఫ్‌గా పడ్డాయన్నాడు. పాన్ నములుతూ నడిపినా పడ్డాయి. బాపు పళ్లు బిగించి నడిపితే పడలేదు.

"అన్నా, తాళం ఒక్కసారి ఇయ్యి."

"నువ్వు నడుపుతవా?"

"పొలం దాకా నడుపుత గదా."

"పొలం ఏరే, బోధన్ రోడ్డు ఏరే. పడితివంటె మీ అమ్మ ఒక్క చేత్తోనే నన్ను కొడ్తది." అంటూనే తాళం ఇచ్చాడు.

ఒకటి కిందికి తొక్కాను. కదిలింది. ఇప్పుడు రెండు. చెప్పులోంచి వేళ్లు ముందుకు పెట్టి, బాపు చుట్టిన రబ్బరు మెత్తగా తగులుతుండగా, బలం కూడగట్టుకుని ఎత్తాను, అంత బలం అక్కర లేకపోయింది, తలుపు గడియ తీసినట్టు చిన్న కదలిక, అంతే, పడిపోయింది. ఇంకా బండి వేడెక్కలేదేమో అనుకున్నాను, కానీ భోజన్న ఇప్పుడే తిప్పి తెచ్చాడు, ఇంజన్ దగ్గర నా కాలికి సెగ తగులుతోంది. మూడు పడింది. నాలుగు పడింది. పెట్రోల్ బంకు దాటాను, రైస్‌మిల్లు దాటాను, గేర్లన్నీ తగ్గించి మళ్లీ మొదటి నుంచి వేశాను, గట్టిగా వేశాను, మెత్తగా వేశాను, క్లచ్ సగమే పట్టి వేశాను, పడొద్దు, ఒక్కసారి ఇరుక్కో, ఒక్కసారి మొండికేయి, నీకు దండం పెడతా అని ఆ బండిని బతిమాలుతూ వేశాను. పడుతూనే ఉన్నాయి. పొలాలు మొదలైన చోట పక్కకు ఆపాను. గాలికి వరి ఊగుతోంది, కొంగలు లేస్తున్నాయి, దిగుతున్నాయి, నేను నా ఎడమ పాదాన్ని చూసుకుంటున్నాను. లెవర్ కింద పెట్టి ఎత్తాను. మడమ ఫుట్‌రెస్ట్ మీదే ఉంది, మోకాలు కదల్లేదు, తొడ కదల్లేదు, పాదం ఒక్కటే చీలమండ దగ్గర ముడుచుకుని పైకి లేచింది. ఇంత చిన్న పని. ఇంత చిన్న పని కోసం బాపు తొడ ఎందుకు లేస్తోంది, వీపు ఎందుకు బిగుసుకుంటోంది. పాదం లేవకపోతే, కాలు మొత్తం ఎత్తి ఆ పాదాన్ని పైకి తేవాలి. పాదం లేవకపోతే, చెప్పు ముందు అంచు నేలకు రాసుకుంటుంది. పాదం లేవకపోతే, గడప దగ్గర చెప్పు ఊడిపోతుంది, తల్లి కాలీడ్చకు అంటుంది, లెవర్ జారిపోతోందని రబ్బరు చుట్టుకుంటాం, కాలువ మలుపులో తల వంచి ఇంకా పడలేదేమిటని చూస్తాం. వైరు కాదు, ఆయిల్ కాదు, ప్లేట్లు కాదు. మా వాడలో ఆశన్న తాతకు పక్షవాతం వచ్చి మూతి పక్కకు పోయింది, అదేనా ఇది, కాదు, బాపు పొద్దున ఎడమ చేత్తోనే చాయ్ గ్లాసు పట్టుకున్నాడు, చెయ్యి వణకలేదు, మూతి బాగుంది, మాట బాగుంది, పాదం ఒక్కటే. మొద్దుబారిందన్నాడు కదా, మొద్దు ముందు నుంచి లేస్తూ, ఎవరిదో కాలు అన్నాడు కదా నవ్వుతూ. అన్ని రోజులు మోకాళ్లు ముడిచి అలా కూర్చుంటే లోపల ఏ నరం నలిగిందో. ఆ తర్వాత మళ్లీ కాలు గురించి ఒక్కసారి కూడా అనలేదు. గేరు గురించే అన్నాడు. అబద్ధం చెప్పలేదు బాపు, అతనికి నిజంగానే గేరు గట్టిగా ఉంది.

చెప్పకపోతే ఏమవుతుంది. భోజన్న ఇంజన్ దింపుతాడు, రేపు బండి ఉండదు, అక్కా పిల్లవాడూ ఆటోలో క్షేమంగా వస్తారు, నేను ఎవరితోనూ ఏమీ అనక్కర లేదు. ఇంత పాత ఇంజన్‌లో వెతికితే ఏదో ఒకటి అరిగినది దొరకకపోదు, దాన్ని మార్చి ఇస్తాడు, బాపు ఎక్కుతాడు, పడదు, ఇంకోటి మారుస్తాడు. బండిలో ఒక్కొక్కటి కొత్తదవుతూ పోతుంది, ఆ పాదం మాత్రం అట్లాగే వేలాడుతూ ఉంటుంది, నాలుగు రోజుల తర్వాత వెనక సీటు మీద ఎవరో ఒకరు కూర్చుంటారు. చెబితే, షెడ్డులో, మగవాళ్ల ముందు, నీ బండి బాగుంది బాపూ నువ్వే బాగా లేవు అని నా నోటితో చెప్పాలి. బండి తిప్పాను. పోయేటప్పుడు పడొద్దని మొక్కిన గేర్లు వచ్చేటప్పుడు ఇంకా సులువుగా పడ్డాయి.

షెడ్డులో భోజన్న గోనెసంచి పరిచి పానాలు వరసగా పెట్టాడు, ఆయిల్ పట్టడానికి తట్ట తెచ్చాడు, నేను దిగగానే బండిని పెద్ద స్టాండ్ మీదికి లాగాడు. అప్పుడే బాపు రోడ్డు దాటి వస్తున్నాడు. చంకలో పిల్లల దోమతెర, గొడుగులా మడిచేది, పసుపు రంగుది. దూరం నుంచే ఎత్తి చూపించాడు, "లత కొడుక్కు" అన్నాడు. నేను దోమతెర చూడలేదు. ఎడమ మోకాలు ఎత్తున లేస్తోంది, నీళ్లలో నడిచే మనిషి మోకాలిలాగా, లేచి, పాదం వేళ్ల వైపు నుంచి నేల మీద టప్ మని పడుతోంది. టప్. టప్. ఇన్ని వారాలు ఈ చప్పుడు ఇంట్లో తిరుగుతూనే ఉంది, చెప్పుల చప్పుడనుకున్నాం.

భోజన్న కింద పడుకుని బోల్టుకు పానా వేశాడు.

"అన్నా, ఆగు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "బాపూ, ఇంజన్ దింపే ముందు ఒక్కసారి కూసొని గేరెయ్యి. నేను సూస్త."

"నువ్వేం సూస్తవ్. ఇన్నిసార్లు భోజన్న సూసిండు గదా."

"నేను సూడలే బాపూ."

భోజన్న లేచి, "మెకానిక్ మారిందిగ, కూసో కాశన్నా" అని నవ్వుతూ వెనక చక్రాన్ని చేత్తో తిప్పడం మొదలుపెట్టాడు. బాపు దోమతెరను నా చేతికిచ్చి ఎక్కాడు, క్లచ్ పట్టాడు. తొడ లేచింది, మోకాలు లేచింది, పాదం మాత్రం వేళ్లు నేల వైపు వేలాడేసుకుని, లెవర్‌కు రాసుకుంటూ పోయి జారిపోయింది. మళ్లీ. మళ్లీ. మెడ మీద నరం ఉబ్బింది.

"సూసినవా? ఎంత గట్టిగున్నదో."

నేను బండి పక్కన కూర్చున్నాను. క్లచ్ వదలొద్దన్నాను. బాపు పాదం పక్కనుంచి చెయ్యి పోనిచ్చి, చూపుడువేలు ఒక్కటి లెవర్ కింద పెట్టి ఎత్తాను. టక్. ఇంకోసారి ఎత్తాను. టక్. భోజన్న చక్రం తిప్పడం ఆపాడు. నవ్వడం కూడా ఆపాడు. తుడుచుకున్న చేతులనే మళ్లీ గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"బాపూ, చెప్పు ఇడిసి పాదం పైకెత్తు. కాలు ఎత్తకు. ఉత్త పాదం."

"ఎత్తిన గదా."

పాదం లేవలేదు. బాపు నా ముఖంలోకి చూస్తూ చెబుతున్నాడు, ఎత్తిన మనిషి చెప్పినట్టే చెబుతున్నాడు. "కిందికి సూడు బాపూ" అన్నాను. చూశాడు. ఎవరూ చెప్పకుండానే కుడి పాదం ఎత్తాడు, లేచింది. ఎడమది ఎత్తాడు. కుడిది ఎత్తాడు. ఎడమది. బొటనవేలి గోరు కింద రక్తం కమిలి నల్లగా ఉంది, ఎక్కడెక్కడ తట్టుకున్నాడో.

బాపు భోజన్న వైపు తిరిగాడు. "గీ లెవరు కుడి దిక్కుకు పెట్టొస్తదా?"

"అటు బ్రేకుంటది గదనే."

"బ్రేకు ఇటు పెట్టు. బ్రేకంటే తొక్కుడే గదా, ఎత్తుడు లేదు గదా."

భోజన్న పానా తీసి గోనెసంచి మీద మిగతా వాటి పక్కన పెట్టాడు.

"నిజామాబాద్ పోదాం బాపూ. నరాల డాక్టర్‌కు సూపిద్దాం. ఇప్పుడే."

"రేపు లత వస్తది, ఇంట్ల మస్తు పనుంటది. నాకు నొప్పి లేదు బిడ్డా."

"నొప్పి లేదనే పోదాం."

భోజన్న బండిని స్టాండ్ దించి రోడ్డు వైపు తిప్పి పెట్టాడు. నేను ముందు ఎక్కాను. బాపు నా భుజం పట్టుకుని వెనక ఎక్కాడు, ఎడమ పాదం ఫుట్‌రెస్ట్ దొరక్క తడుముకుంటోంది, వెనక్కి వంగి పట్టుకుని దాని మీద పెట్టాను, చెప్పు పట్టీ బిగించాను. బాపు దోమతెరను మా ఇద్దరి మధ్య పెట్టుకున్నాడు. బోధన్ దాటేదాకా గేర్లు వీలైనంత మెల్లగా మార్చాను, ఎంత సులువుగా పడుతున్నాయో వెనక్కి తెలియకూడదని, లారీ హారన్ కొట్టినప్పుడో బస్సు దాటినప్పుడో ఆ చప్పుడులో వేశాను. తెలియకపోవడం ఏముంది. బాపు గడ్డం నా భుజానికి తగులుతోంది, ముందుకు వంగి నా ఎడమ పాదాన్నే చూస్తున్నాడు.

"మంచిగనే పడ్తున్నయ్" అన్నాడు.

ఊళ్లు పోతున్నాయి, వడ్లు ఆరబోసిన రోడ్డు పక్కలు పోతున్నాయి, నిజామాబాద్ ఇంకా ఎంత దూరమో చెప్పే రాయి ఒకటి పోయింది. బాపు చెయ్యి నా భుజం మీద కాసేపు బిగుసుకుంటోంది, కాసేపు వదులవుతోంది.

"రేపు లత బస్సుకు నువ్వే పో" అన్నాడు. "పిల్లగాన్ని అది ఒళ్లె పట్టుకుంటది. నువ్వు నడుపు."

"సరే బాపూ."

కొంచెం దూరం పోయాక మళ్లీ చెవి దగ్గరికి వంగాడు.

"నాలుగుల రాకు. మూడులనే రా."